కట్టిన తర్వాత మొదలయ్యే ఖర్చు

సొంతిల్లు కట్టుకునే కుటుంబం పునాది నుంచి రంగుల దాకా ప్రతి రూపాయినీ రాసి పెట్టుకుంటుంది. గృహప్రవేశంతో ఆ లెక్కల పుస్తకం మూతపడుతుంది. ఇంటి ఖర్చులో రెండో భాగం ఆ మర్నాడే మొదలవుతుందన్న సంగతి చాలామందికి నాలుగైదు వానాకాలాలు గడిచాక గానీ తెలియదు. కురిసే స్లాబు, కాలిపోయే మోటారు, నిండిపోయే సెప్టిక్ ట్యాంకు, చెదలు పట్టిన దర్వాజ, ఏటా కట్టాల్సిన పన్ను... ఇవేవీ అనుకోకుండా వచ్చిపడేవి కావు. ఇంటికి వయసు పెరిగేకొద్దీ తప్పకుండా వచ్చేవే. వాటికోసం ముందుగా డబ్బు తీసిపెట్టే అలవాటు లేకపోవడం వల్లే చిన్న మరమ్మతు కూడా అప్పుగా మారుతోంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు, కొత్త ఆఫీసులు వచ్చాయి, వాటి చుట్టూ వెంచర్లు వెలిశాయి, మండలాల నుంచి పిల్లల చదువుల కోసం కుటుంబాలు కదిలాయి. ఈ మూడు పట్టణాల్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇప్పుడు కనిపించే బిల్డింగుల్లో చాలా భాగం ఒకే తరం కట్టినవి. అవి పాతబడే కాలం కూడా దాదాపు ఒకేసారి వస్తుంది.

గూన ఇంటి నుంచి బిల్డింగుకు

అంతకు ముందు తరం ఈ ప్రాంతంలో మట్టి గోడల మీద గూన కప్పిన ఇళ్లలో బతికింది. ఆ ఇంటికి ఏటా పని ఉండేది. మిరుగు (మృగశిర కార్తె) చొరబడక ముందే పైకెక్కి పగిలిన గూన తీసి కొత్తది పెట్టడం, చెడిన వాసం మార్చడం, వానలు వెలిశాక గోడలకు మట్టి మెత్తడం, దసరాకు సున్నం, గడపకు జాజు. చాలా పని ఇంటివాళ్లే చేసుకునేవారు, గూన ఊళ్లోని కుమ్మరి దగ్గర దొరికేది. ఖర్చు తక్కువే గానీ ఏటా తప్పేది కాదు. లోపం ఎక్కడుందో కూడా కళ్లకు కనిపించేది. పగిలిన గూన సందులోంచి ఎండ పడిన చోటే వాన కూడా పడేది.

బిల్డింగు వచ్చాక ఆ ఏటేటి పని పోయింది. సిమెంటు ఇంటికి ఇక ఏ చాకిరీ ఉండదన్న నమ్మకం దాని చోటులోకి వచ్చింది. ఈ నమ్మకమే అసలు చిక్కు. కాంక్రీటు ఇంటికీ పని ఉంది. ఆ పని ఆలస్యంగా బయటపడుతుంది, పడ్డప్పుడు పెద్దదిగా ఉంటుంది, లోపం ఒకచోట ఉంటే దాని గుర్తు ఇంకోచోట కనిపిస్తుంది. పిట్టగోడ మూలలో ఇంకిన నీరు స్లాబు లోపలే దారి వెతుక్కుంటూ నడింట్లో ఫ్యాను కొక్కెం దగ్గర దిగుతుంది.

స్లాబు ఎందుకు కురుస్తుంది

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా అందులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. సిమెంటులోని క్షారగుణం లోపలి సలాకకు రక్షణ. ఆ గుణం ఉన్నంతకాలం ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని పై నుంచి కొద్దికొద్దిగా తీసేస్తూ వస్తుంది. అది సలాక దాకా చేరిన చోట తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు కావాలి. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. మంచం మీద పెచ్చు రాలిపడ్డ రోజు ఇంటివాళ్లు ఉలిక్కిపడతారు. దానికి కారణమైన తడి మాత్రం అప్పటికే కొన్నేళ్లుగా పైన నిలుస్తూ ఉంటుంది.

ఈ తుప్పు ఎన్నాళ్లకు మొదలవుతుందన్నది స్లాబు పోసిన వారం పదిరోజుల్లోనే సగం తేలిపోతుంది. కాంక్రీటు కట్టడాలకు దేశమంతా పాటించాల్సిన ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం సలాక కింద కాంక్రీటు మందం స్లాబుల్లో మామూలు పరిస్థితుల్లో 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. సలాక సెంట్రింగు రేకుకు ఆనిపోకుండా కింద కవర్ బ్లాకులు పెట్టేది ఇందుకే. వాటి బదులు కంకర రాళ్లు పెట్టి, కూలీలు తొక్కినప్పుడు అవి జారిపోతే సలాక అడుగుకు అంటుకుపోతుంది. అలాంటి స్లాబు విప్పిన రోజే అడుగున సలాక గీతలు కనిపిస్తాయి. ప్లాస్టరింగుతో వాటిని కప్పేస్తారు గానీ లోపం లోపలే ఉంటుంది. ఇక నీళ్లు కొట్టడం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి కనీసం 10 రోజులు కాంక్రీటు ఎండకుండా చూడాలని అదే ప్రమాణం చెబుతుంది. ఎండలు మండే రోజుల్లో ఇంకా ఎక్కువ కావాలి. ఈ ప్రాంతంలో ఇళ్ల పనులు ఎక్కువగా సాగేది ఎండాకాలంలోనే. బోరు అడుగంటేదీ, ట్యాంకరు కొనాల్సి వచ్చేదీ అప్పుడే. ట్యాంకరు డబ్బులు మిగిలాయనుకుని నాలుగో రోజుకే నీళ్లు ఆపేసిన స్లాబు పది పదిహేనేళ్లకు ఆ మిగులును ఎన్నో రెట్లు చేసి వెనక్కి తీసుకుంటుంది.

కురుస్తున్న ఇంటికి మొదట చేయించే పని లోపలి గోడకు లప్పం పెట్టి రంగు వేయించడం. అది ఒక్క వానాకాలం నిలుస్తుంది. గోడలో తడి ఉన్నంతకాలం దానిలోని లవణాలు బయటికొచ్చి తెల్లగా ఉప్పు పూస్తుంది, దాంతోపాటే రంగు పొరలుగా లేస్తుంది. నీరు ఎక్కడి నుంచి దిగుతోందో కనిపెట్టకుండా పెట్టిన డబ్బంతా దండగే. సుతారి మేస్త్రీలు ముందుగా చూసే చోట్లు నాలుగైదే: పిట్టగోడ స్లాబుతో కలిసే మూల, వాన నీళ్లు దిగే పైపు మొదలు, సజ్జ గోడలో కలిసే గీత, ట్యాంకు కింద దిమ్మె, బాత్‌రూం నేల. వానకు ముందు స్లాబు మీద చెత్త ఊడ్చి, పైపు నోట్లో ఆకులు తీసి, సందుల్లో మందు నింపే పనికి ఒక పూట చాలు. వదిలేస్తే స్లాబు మీద కొత్తగా వాలు కట్టి వాటర్ ప్రూఫింగ్ చేయించాల్సి వస్తుంది. ఇంకా వదిలేస్తే తుప్పు సలాక శుభ్రం చేసి, కొత్త సలాక జోడించి, అడుగునంతా మళ్లీ పూయాల్సి వస్తుంది. మొదటిది కూలి డబ్బులతో పోయే పని. మూడోది కొన్నిసార్లు అర్రంతా ఖాళీ చేయించే పని.

నేల, గని, ప్రకంపన

నల్లరేగడి భూమి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. అలాంటి చోట చెల్కల్లో తీసినంత లోతే పునాది తీసి కట్టిన ఇంటికి మూడు నాలుగేళ్లలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వస్తాయి. తలుపు గడపకు పట్టేస్తుంది. వడ్రంగి తలుపు చెక్కుతాడు, మరుసటి ఏడు మళ్లీ పడుతుంది. తప్పు తలుపులో లేదు, పునాదిలో ఉంది.

భూపాలపల్లిలో దీనికి గనుల సంగతి తోడవుతుంది. సింగరేణి ఇక్కడ కాకతీయ ఖని పేరుతో భూగర్భ గనులతోపాటు ఓపెన్‌కాస్టులు కూడా నడుపుతోంది. ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగినప్పుడు నేల అదురుతుంది. ఆ అదురు కంపెనీవి కాని మామూలు ఇళ్ల దగ్గర ఎంత దాటకూడదో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో హద్దులు పెట్టింది. అదురు తీరును బట్టి అవి సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్లు. గోడలో బీట పేలుడు వల్ల వచ్చిందా, పునాది కుంగి వచ్చిందా అన్నది కంటితో తేల్చలేని విషయం. అందువల్ల ఫిర్యాదు చేయదలచిన ఇంటి యజమానికి పాత ఫొటోలు, తేదీలే ఆధారం. బీట అటూ ఇటూ పెన్సిలుతో గుర్తు పెట్టి, తేదీ వేసి, నెలనెలా కొలిచి రాసుకుంటే అది పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లా మేడారం దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి పక్కనే ఉన్న భూపాలపల్లితోపాటు చుట్టుపక్కల జిల్లాలన్నీ కదిలాయి. ఆ రోజు తర్వాత గోడ చూసుకున్న చాలామందికి ఏది పాత బీటో ఏది కొత్తదో చెప్పడం కష్టమైంది.

గని కార్మికుడి సొంతింటికి ఇంకో ఇబ్బంది ఉంది. ఉద్యోగమున్నన్నాళ్లూ కంపెనీ క్వార్టరులో ఉంటే నీళ్లు, కరెంటు, స్లాబు మరమ్మతు కంపెనీయే చూసుకుంటుంది. నల్లా చెడితే ఫిర్యాదు రాస్తే చాలు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి. చేతికొచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఇంటికే పెట్టి, నెల ఆదాయం పింఛనుకు పడిపోయిన వేళ, జీవితంలో మొదటిసారి ఇంటి మరమ్మతుల బాధ్యత మీద పడుతుంది. ఇల్లు ఎంతలో కట్టాలన్న లెక్కతోపాటు అందులో ఇరవై ఏళ్లు ఎలా ఉండాలన్న లెక్క కూడా వేయాల్సింది ఇలాంటివాళ్లే.

నీళ్లు వచ్చేదీ పోయేదీ

మిషన్ భగీరథ నల్లా ఉన్న ఇంట్లోనూ బోరు తప్పదన్న భావన బలంగా ఉంది. జనగామ మెట్ట ప్రాంతం. బోరు నీళ్లలో ఉప్పు, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కనిపిస్తాయి. ఆ నీళ్లు గీజరు కాయిల్ మీద, నల్లాల జల్లెడల్లో తెల్లటి పొర కడతాయి. కాయిల్ ఆ పొర కింద వేడెక్కి కాలిపోతుంది, కాలేదాకా కరెంటు ఎక్కువ తాగుతుంది. బోరు మోటారుది ఇంకో కథ. నీటిమట్టం దిగాక ఖాళీగా తిరిగినా, ఓల్టేజీ పడిపోయినా వైండింగు కాలుతుంది. వైండింగు కూలికి తోడు, పైపులన్నీ పైకి తీసి మళ్లీ దించే ఖర్చు వేరే. డ్రై రన్ ఆపే పరికరం ఉన్న స్టార్టరు పెట్టుకుంటే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. 

పోయే నీటి గురించి ఇంకా తక్కువ ఆలోచిస్తారు. భూగర్భ డ్రైనేజీ లేని వీధుల్లో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. దాన్ని రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. పొంగేదాకా ఆగితే మడ్డి ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది, పక్కింటి బోరు నీళ్లు చెడతాయి. ట్యాంకు మీద బండలు పరిచి, మూత ఎక్కడుందో తెలియకుండా కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటికి శుభ్రం చేయించే ఖర్చు కంటే బండలు పగలగొట్టి మళ్లీ వేయించే ఖర్చే ఎక్కువ. ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. యంత్రం ఉన్న బండిని పిలవడం ఇంటి యజమాని బాధ్యత. నాలుగు వందలు మిగులుతాయని ఎవరినీ లోపలికి దింపకూడదు.

కోతులు, చెదలు

మహబూబాబాద్, జనగామ వైపు ఇంటి ఖర్చులో కోతుల పద్దు నిజంగానే ఉంది. ట్యాంకు మూత విరుస్తాయి, పైపు నల్లా విప్పేస్తాయి, డిష్ తీగలు లాగేస్తాయి, రేకులు ఊడబీకుతాయి. ఇంకా గూన ఇళ్లలోనే ఉంటున్న పేదలకు ఇది ప్రాణసంకటం. ఒక గుంపు పొద్దున కొప్పు మీదుగా దూకి పోతే వానాకాలానికి సరిపడా గూన పగులుతుంది. కొత్త గూన చేసే కుమ్మరులే కరువయ్యారు. అందుకే గూన తీసి రేకులు వేసుకుంటున్నారు, ఆ రేకుల కింద ఎండాకాలం భరించలేనిది. బిల్డింగువాళ్లు కిటికీలకు, వరండాకు, మెట్లకు ఇనుప జాలీలు బిగించుకుంటున్నారు. కట్టేనాటి అంచనాలో ఈ జాలీ ఎక్కడా ఉండదు. నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం మొదలైంది. అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారు గానీ ఊళ్లలో ఉన్న సంఖ్యకు ఒక కేంద్రం సరిపోదు.

చెదలు చప్పుడు చేయవు. దర్వాజ పైకి బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. పునాది దశలోనే మట్టికి మందు కొట్టించడం చౌక, తర్వాత బండల సందుల్లో రంధ్రాలు వేసి కొట్టించడం ఖరీదు.

కాగితం మీది ఖర్చులు

స్థలం కొన్నప్పుడు చెప్పిన ధర మీద రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం అవుతుంది. 2021 జూలై 22కు ముందు ఇది 6 శాతం. అనుమతి లేని వెంచరులో ప్లాటు కొన్నవాళ్లకు అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ఉత్తర్వు ప్రకారం క్రమబద్ధీకరణ రుసుముకు తోడు, లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. 2025లో ప్రభుత్వం 25 శాతం రాయితీ ఇచ్చాక చాలామంది కదిలారు. ఈ ఖర్చు పెట్టాల్సింది వెంచరు వేసినవాడు. పెడుతున్నది గజాల లెక్కన కూడబెట్టి కొన్నవాడు. ఈ అన్యాయాన్ని రాయితీ కొంత తగ్గించింది గానీ తీర్చలేదు.

2019 మున్సిపాలిటీల చట్టం చిన్న ఇంటికి ఒక మేలు చేసింది. 75 గజాల్లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది, కానీ చెప్పినదానికి భిన్నంగా కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. నిర్మాణ ఖర్చు చట్టం పెట్టిన హద్దు దాటితే కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం వేరే. ఇంటి పన్ను ఆరునెలలకోసారి. గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున పెరుగుతుంది. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు దొరుకుతుంది.

కరెంటు లెక్కను ఇంటి కట్టడమే నిర్ణయిస్తుంది. తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. 201వ యూనిట్ కాలిన నెలలో మొత్తం బిల్లూ కట్టాలి, అది వెయ్యి దాటుతుంది. పైన నీడ లేని స్లాబు పగలంతా మింగిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది, కూలరు తెల్లవార్లూ తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హద్దు దాటేది అందుకే. స్లాబు మీద తెల్ల సున్నమో ఎండను వెనక్కి కొట్టే రంగో వేయించడం ఈ హద్దు లోపల ఉండటానికి అందుబాటులో ఉన్న చౌకైన దారి.

వరద, బీమా, తాళం వేసిన ఇల్లు

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాంతండాను ముంచింది. 2024 వరదల్లో నీట మునిగిన ఇళ్లకు ప్రభుత్వం రూ. 16,500 చొప్పున సాయం ప్రకటించింది. నానిన బియ్యం, బట్టలు, ఫ్రిజ్, తలుపులు, కరెంటు వైరింగు కలిస్తే ఆ మొత్తం ఎంతవరకు వస్తుందో ఇల్లు కడిగినవాళ్లకు తెలుసు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే రకం పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్నిప్రమాదం, వరద, పిడుగు, భూకంపం అందులో ఉన్నాయి. ఇంటి సామానుకు కూడా భవనం విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ దానంతటదే వస్తుంది. పాతబడి కురిసే స్లాబుకు మాత్రం ఈ పాలసీ డబ్బులివ్వదు. బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లు తప్ప ఈ పాలసీ ఊసెత్తేవాళ్లు తక్కువ. వాగు పక్క ఊళ్లలో అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాళ్లు బ్యాంకు అప్పు దాకా రానివాళ్లే.

జనగామ నుంచి హైదరాబాద్‌కు బస్సులు, రైళ్లు అందుబాటులో ఉండటంతో పట్నంలో స్థిరపడ్డవాళ్ల ఇళ్లు ఊళ్లలో తాళాలతో ఉంటాయి. మనిషి తిరగని ఇల్లు త్వరగా చెడుతుంది. గాలి ఆడక గోడలు బూజు పడతాయి, పిట్టగోడ సందులో మొలిచిన రావి మొక్క వేరు దింపుతుంది. ఆ మొక్కను పైకి కోస్తే మళ్లీ లేస్తుంది, వేరుతో సహా తీసి సందు మూసేయాలి. అద్దెకిస్తే ఇల్లు బతుకుతుంది గానీ కిరాయిదారు మారినప్పుడల్లా రంగులకు, నల్లాలకు పెట్టే ఖర్చును చిన్న పట్టణం కిరాయిలోంచి తీయాలంటే నెలలు పడుతుంది.

మరమ్మతులకు ఎంత పక్కన పెట్టాలన్నదానికి ఒక సులువైన లెక్క ఉంది: స్థలం ధర తీసేసి, కట్టడం విలువలో ఏటా 1 శాతం. 25 లక్షల కట్టడానికి ఏడాదికి 25 వేలు, నెలకు రెండు వేల పైచిలుకు. మొదటి అయిదేళ్లు అందులో చాలా భాగం మిగులుతుంది, ఆ మిగులే పదో ఏట స్లాబుకు, పదిహేనో ఏట వైరింగుకు అక్కరకొస్తుంది. ఇందిరమ్మ ఇంటి లబ్ధిదారుకు ఈ లెక్క ఇంకా అవసరం. ప్రభుత్వమిచ్చే 5 లక్షలు దశలవారీగా కట్టడానికే వస్తాయి. ఆ తర్వాతి మరమ్మతు పూర్తిగా ఆ ఇంటిదే. పైగా ఇల్లు 400 చదరపు అడుగుల కంటే తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆ హద్దు దాటి పెద్దగా మొదలుపెట్టినవాళ్లు బిల్లు ఆగి వడ్డీకి తెచ్చి స్లాబు పోస్తారు, మరమ్మతు నిధి మాటే ఉండదు.

చివరిగా, ఇల్లు ఎవరి పేరున ఉందన్నది కూడా ఖర్చే. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి చాలాచోట్ల పంచాయతీ పన్ను రసీదు తప్ప వేరే కాగితం ఉండదు, దాని మీద బ్యాంకు అప్పు దొరకడం కష్టం, మరమ్మతుకు బయటి వడ్డీయే గతి. పట్టణంలోనూ తండ్రి పోయాక పన్ను, నల్లా, కరెంటు మీటరు ఏళ్ల తరబడి ఆయన పేరునే నడుస్తాయి. అన్నదమ్ములు స్లాబు ఎవరు బాగుచేయించాలో తేల్చుకోలేక వదిలేస్తారు. మరణ ధ్రువీకరణ, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ తీసుకుని మున్సిపాలిటీలోనూ విద్యుత్ పంపిణీ సంస్థలోనూ పేర్లు వేర్వేరుగా మార్పించుకోవాలి. యజమాని బతికుండగానే పిల్లలకు గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేస్తే స్టాంపు రుసుము అమ్మకానికి పడేదానికంటే తక్కువ.